తడవని బనీను

రోడ్డు చివర ఏదో కదిలింది. మనిషేమో అనుకుని లేచి, పందిరి గుంజ పట్టుకుని చూశాను. మనిషి కాదు, ఎండ. కంకర మీంచి లేచే సెగలో భీమడోలు వైపు రోడ్డంతా నీళ్ళు నిలిచినట్టు మెరుస్తోంది. తాటిచెట్ల మొదళ్ళు ఆ నీళ్ళలో మునిగి తేలుతున్నాయి, ఒక ఎద్దుబండి నేల అంటకుండా వస్తున్నట్టుంది. మళ్ళీ కూర్చున్నాను. "ఇంకా టైముంది మాస్టారమ్మా. తాడేపల్లిగూడెం నించి కాళ్ళతో రావాలా, వాళ్ళేమన్నా రైలా," అంది రహీమున్నీసా, మిరియాలు నూరుతూ, తల ఎత్తకుండా. ఈవిడ హబీబు తల్లి. మావారు ఇమ్మానుయేలుగారు ఏలూరులో డ్రిల్లు మాస్టారు. ఆయన దగ్గర పరుగు నేర్చుకుంటున్న ముగ్గురిలో హబీబు ఒకడు. ఈవిడ పుట్టిల్లు దెందులూరు. ఏటా పీర్ల పండగ పదో రోజున సర్కారు రోడ్డు పక్కన అన్నదమ్ముల చేత తాటాకు పందిరి వేయించి, దారిన పోయేవాళ్ళందరికీ పానకం పోస్తుంది. కర్బలాలో నీళ్ళు దొరక్క ప్రాణాలు విడిచినవాళ్ళ పేరు మీద పోసే పానకం అది. ఆ రోజున ఆ పందిరి ముందు నించి ఎవరూ దాహంతో దాటి పోకూడదు. ఇందాకట్నించీ చూస్తున్నాను కదా, బండివాళ్ళు దిగి తాగారు, పీటమీద పెళ్ళికొడుకులా బిగుసుకు కూర్చుని బస్సు నడిపే డ్రైవరు కూడా ఆపి, దిగి, తలగుడ్డ తీసి తాగి వెళ్ళాడు. ఈ పండగ ఏటేటా కొంచెం వెనక్కి జరుగుతూ ఈసారి మే నెల నడిమధ్యకు వచ్చి పడింది. వేసవి కాబట్టి కాలువలు కట్టేశారు, గుంటల్లో నీళ్ళు పచ్చబడ్డాయి. ఇలాంటి రోజుల్లో ఈ మూడు కుండల దగ్గరికి రానివాళ్ళెవరు.

నేనే తాగలేదు. ఏలూరు నించి పాసింజరులో దిగి ఇక్కడికి రాగానే ఈవిడ ముంత అందించింది. ఆయన వచ్చాక తాగుతానన్నాను. మళ్ళీ ఇందాక అందించింది, మళ్ళీ అదే మాటన్నాను. ఇసకలో పాతి తడి గోనెలు చుట్టిన కుండలు చెమర్చి మెరుస్తున్నాయి. ఏలకుల వాసన, శొంఠి వాసన, కొత్త కుండ మట్టి వాసన. ముక్కు అన్నింటినీ విడివిడిగా పట్టుకుంటోంది, కడుపు నిండినప్పుడు ఇలా పట్టుకోదు. నాలుక మాత్రం మందంగా ఉంది, ఎవరో తీసుకొచ్చి నోట్లో పెట్టి మరిచిపోయినట్టు. ఎడమ కణత దగ్గర నొప్పి సన్నగా మొదలైంది. మొన్న కూడా ఎడమ పక్కే, సరిగ్గా ఇలాగే. దక్షిణం నించి కొల్లేటి గాలి వీస్తోంది, ఎండిన బురదా చేపల పొట్టూ కలిసిన వాసనతో, వేడిగా. ఊళ్ళోంచి పీర్ల డప్పు వినిపిస్తోంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి.

నలుగురు పరుగెడితే ఒక్క చప్పుడే వినిపిస్తుంది. ఈ సంగతి నాకు శ్రీపర్రు దగ్గర తెలిసింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి బండి కట్టించుకుని వాళ్ళ వెనకాల నేనూ వెళ్ళాను. నీళ్ళు లోపలికి తగ్గిపోయి కొల్లేరు అంచులన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి. తాటిదోనెలు ఎక్కడివక్కడ బురదలో అతుక్కుపోయి, తిరగేసిన చెప్పుల్లా పడి ఉన్నాయి. ఆ నెర్రెల మీద నలుగురూ ఒకే అడుగు వేస్తూ వెళ్ళారు, దూరాన మడుగు ఒడ్డున నిలబడ్డ కొంగలు ఒక్కటీ లేవలేదు. మనిషి ఒంటరిగా నడిచి వస్తే ఎగిరిపోయే కొంగలు ఇవే. నలుగురు మనుషులు కాదు, ఎనిమిది కాళ్ళున్న జీవమేదో మేతకు వచ్చిందనుకున్నాయేమో. నాకూ అలాగే అనిపించింది. మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈయన చేసే పని ఇంత అందమైనదని నాకు ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. అందరికన్నా వెనకబడేవాణ్ణి ముందు పెడతారు, వాడి అడుగే అందరి అడుగు. అందరికన్నా జోరుగా పోగలవాణ్ణి చివర పెడతారు. అంటే ప్లీడరుగారి గుమాస్తా నాగేశ్వరరావు ముందు, హబీబు వెనక. తంగెళ్ళమూడిలో మగ్గం ముందు పగలంతా కదలకుండా కూర్చుని తివాచీకి ముడులు వేసే హబీబుకి ఆ కాళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో దేవుడికే తెలియాలి, వదిలిపెడితే లేడిపిల్లే. కాని తన ముందు బొద్దుగా ఊగుతూ పోయే నాగేశ్వరరావు వీపు చూస్తూ రెండు నెలలు ఓపిక పట్టాడు. మధ్యలో సీమోను. కాలువలు కట్టేసిన ఈ నెలల్లో వాడిది పూడిక తీసే పని. పొద్దున పరుగు, తరవాత పలుగు. వాడి పక్కన మావారు, నలభై దగ్గర పడుతున్న మనిషి, కుర్రాళ్ళతో అడుగు కలిపి.

ఇంకో నియమం, పరుగెడుతూ మాట్లాడుతూ ఉండాలి. మాట తెగిందంటే ఊపిరి చాలటం లేదని లెక్క, అప్పుడు అందరూ వేగం తగ్గించాలి. అందుకని నాగేశ్వరరావు బహు ఉపయోగం. "నేను పరిగెత్తటం లేదండీ, కక్షిదార్లు తరుముకొస్తున్నారండీ," అంటూ మొదలుపెడితే ఏలూరు కోర్టు కథలన్నీ చెప్పేస్తాడు. వాళ్ళమ్మ వడదెబ్బ తగలకుండా నడుముకి ఉల్లిపాయ కట్టి పంపుతుంది. మావారు పట్టుకుని అడిగితే, "కడుపులో ఏమీ ఉండకూడదన్నారు గాని నడుం మీద ఉండకూడదన్లేదు కదండీ మాస్టారూ," అన్నాడు. ఆ మర్నాటి నించి ముగ్గురి నడుముల దగ్గరా ఉల్లిపాయ వాసనే. మాస్టారు వాసన లేనట్టు ఊరుకున్నారు.

మద్రాసులో జూలైలో జరిగే మారథాన్ పరుగుకి ఇదంతా. ఇరవై ఆరు మైళ్ళ పరుగు, అదీ సాయంత్రం, ఎండ చల్లారకముందే మొదలవుతుందిట. "ఎండని ఇక్కడే చూసి వెళ్తే అక్కడ కొత్తగా ఉండదు," అన్నారాయన. చీకటితో మొదలుపెట్టి, తరవాత తెల్లవారాక, ఆపైన ఎండెక్కాక, మెల్లిమెల్లిగా పరుగుని ఎండలోకి జరుపుకుంటూ పోయారు. ఊళ్ళోవాళ్ళు పిచ్చి అన్నారు. నేను చూస్తూ వచ్చాను. మొదటి రోజుల్లో మా అరుగు మీదికొచ్చి కళ్ళు తిరిగి కూలబడేవాళ్ళు, ముఖాలు కందగడ్డల్లా ఉండేవి. మూడు నాలుగు వారాలకి అంతకన్నా పెద్ద ఎండలో నవ్వుకుంటూ వచ్చారు. చెమట తొందరగా పట్టేది, ఎక్కువగా పట్టేది, ముఖాలు తేటగా ఉండేవి. ఒళ్ళు నేర్చుకుంటుందని ఆయనన్న మాట నిజమే. నేను మద్రాసులో చదివిన రెండేళ్ళూ శరీర శాస్త్రం చెప్పిన దొరసాని కూడా ఈ మాట చెప్పలేదు. పుస్తకంలో లేనిదాన్ని నలుగురి ఒళ్ళ మీద రాసి చూపించిన మనిషి ఈయన.

అయితే పుస్తకంలో ఉన్నదాన్ని కూడా నమ్మారు, అక్కడే వచ్చింది చిక్కు. ఇంగ్లండు నించి తెప్పించుకున్న గోధుమరంగు అట్ట పుస్తకం, పరుగు మధ్యలో నీళ్ళు ముట్టినవాడు పరుగుకి పనికిరాడని ఉంది అందులో. పుస్తకం ఒక్కటే అయితే వాదించవచ్చు. కాలేజీ రోజుల్లో ఈయన ఇలాంటి పరుగులోనే అందరికన్నా ముందుండి, దారిలో బావి దగ్గర చెంబెడు నీళ్ళు గటగటా తాగి, కడుపు పట్టేసి దారి పక్కన కూర్చుండిపోయారు. తనని దాటి పోయినవాళ్ళ కాళ్ళు ఇప్పటికీ లెక్క చెప్పగలరు. వాళ్ళలో ఒకడి మేజోడుకి మడమ దగ్గర చిల్లుందిట. అందుకని నీళ్ళు లేవు. వాళ్ళకీ లేవు, తనకీ లేవు. పుస్తకం నేనూ ఒక మధ్యాహ్నం మొదట్నించి చివరిదాకా చదివాను. అందులో బొమ్మలు చూస్తే పరుగెత్తేవాళ్ళు ఉన్ని బనీన్లు వేసుకున్నారు, నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది, వెనకాల చెట్లకి ఒక్క ఆకు లేదు. "ఏవండీ, ఎండ సంగతి మీరన్నదే నిజం. నీళ్ళ సంగతి మాత్రం..." అని ఒకసారి మొదలుపెట్టాను. "రెండూ ఒకటేనోయ్. అలవాటు చేస్తే దాహమూ అలవాటవుతుంది," అని నవ్వి, "అయినా వాళ్ళకి వద్దని నేను తాగితే ఇంక నేనేం మాస్టర్ని," అన్నారు. ఆ రెండో మాట దగ్గర నేను ఓడిపోయాను. మొదటిది తప్పని చూపించగలనేమో గాని రెండోదాన్ని ఎక్కడ పట్టుకుని లాగను.

అవతలి వారం శనివారం గణపవరం వైపు వెళ్ళి వచ్చారు. నలుగురూ మా నూతి దగ్గర స్నానం చేస్తారు, బనీన్లు నేనే జాడిస్తాను. హబీబు బనీను పిండితే నీళ్ళు కారాయి, సీమోనుదీ అంతే, నాగేశ్వరరావుదైతే చెప్పక్కర్లేదు. మావారిది చేతిలోకి తీసుకుంటే పొడిగా ఉంది. పొడిగా, అప్పడంలా బిరుసుగా, చంకల దగ్గర ఉప్పు తెల్లటి చారలు కట్టి. అదే దారి, అదే ఎండ, అవే మైళ్ళు. ఆ బనీను చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలికి వెళ్తే మంచం మీద కూర్చుని నా వైపు చూసి, "అక్కా, గొడుగు తెచ్చావా?" అన్నారు. వాళ్ళక్క అచ్చమ్మగారు కలరాలో పోయి పదేళ్ళ పైమాటే. తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించి పడుకోబెట్టాను. సాయంత్రానికి లేచి మామూలుగా ఉన్నారు, ఆ మాట అన్నట్టు తెలియదు. నేను చెబితే, "నిద్రమత్తులో అని ఉంటాను," అన్నారు. ఇవాళ్టి పరుగు అంతకన్నా దూరం, ఎండ అంతకన్నా ఎక్కువ. ఇంకోసారి ఆ బనీను పొడిగా వస్తే ఆ తరవాత ఉతకటానికి ఏమీ ఉండదు. ఈ మాట ఇంత స్పష్టంగా అనుకోవటం ఇదే మొదలు. అనుకున్నాను, సరే.

ఆ శనివారం నించి వాళ్ళు పరుగెత్తే ప్రతి పొద్దునా నేనూ నీళ్ళు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. భక్తి కాదు, వ్రతం కాదు. అలాంటి మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నీడన, ఇంట్లో, పీట మీద కూర్చుని ఉంటేనే ఏమవుతుందో చూద్దామని. ఏమయిందంటే, మొదటి రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. రెండో రోజు పాలమనిషి మీద ఊరికే అరిచాను. ఆదివారం ఆరాధనలో చిన్నప్పట్నించి పాడే కీర్తన మూడో చరణం గుర్తు రాలేదు. రోజురోజుకీ తేలికవుతుందేమోనని చూశాను, కాలేదు. మొదటి రోజు ఎంత కష్టమో చివరి రోజూ అంతే. ఎండని ఒళ్ళు నేర్చుకుంటుంది. దాహాన్ని నేర్చుకోదు. ఇదీ నేను తేల్చుకున్నది. చెప్పటం ఎలాగో ఇంకా తేల్చుకోలేదు. ఇవాళే చివరి పెద్ద పరుగు. మద్రాసుకి ముగ్గురికే చోటుంది. ఒకటి మావారిది, ఆ కాలేజీ నాటి పరుగు పూర్తి చెయ్యాలని ఆయనకి ఇరవై ఏళ్ళ కోరిక. మిగిలిన ఇద్దరెవరో ఇవాళ తేలాలి. భీమడోలు దాకా గుంపుగా వచ్చి, అక్కణ్ణించి ఎవరి జోరు వాళ్ళదని, ఏలూరు ముందు చేరిన ఇద్దరికీ చోటని చెప్పారు.

"నువ్వు పొద్దుట్నించీ తాగలేదు గదూ," అంది రహీమున్నీసా. తల ఎత్తి నన్నే చూస్తోంది. "పెదాలు చూస్తే తెలవదా. మీకు కూడా ఉపవాసాలున్నాయా అమ్మా?"

"ఉపవాసం కాదండీ. పరీక్ష."

"ఎవరికి పరీక్ష?"

జవాబు చెప్పబోయి రోడ్డు మీది మెరుపులో నల్లగా ఒక గీత చూశాను. గీత సన్నగా సాగింది, రెండయింది, మళ్ళీ ఒకటయింది. కాళ్ళు వచ్చాయి దానికి. హబీబు. చెప్పులు లేని ఆ కాళ్ళ కింద కంకర ఎంత కాలుతోందో, వాడు మాత్రం నీటి మీద నడిచే పురుగులా తేలికగా వస్తున్నాడు. తడిసిన బనీను వంటికి అంటుకుపోయింది, ముఖమంతా చెమట. ఎంత బాగున్నాడు! తల్లి ముంత పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళింది. వాడు ఆమె ముందుకి వచ్చి ఆగాడు. ఆగాడు గాని కాళ్ళు ఆపలేదు, ఉన్నచోటే పరుగెత్తుతున్నాడు, ధబ్ ధబ్ మని.

"తాగు నాయనా."

"మాస్టారు రావాలమ్మా."

"మాస్టారొచ్చేదాకా ఇట్టా గంతులేస్తావా? నీ చోటు ఎవరన్నా తన్నుకుపోతారు, తాగి పోరా!"

"తాగకుండా ఇక్కణ్ణించి దాటకూడదని చిన్నప్పట్నించి నువ్వే చెప్పావు. మాస్టారు తాగమంటే గాని తాగకూడదు. ఇంకేం చెయ్యను, నిలబడతాను." అని నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మగారూ, భీమడోలు దాటాక మాస్టారు మాటలాపేశారండీ," అన్నాడు.

మాట తెగితే ఊపిరి చాలటం లేదని లెక్క. ఆయన పెట్టిన లెక్కే. "మరి వదిలేసి ఎలా వచ్చారయ్యా?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"పొమ్మని చెయ్యి ఊపారండీ. సీమోను ఆగితే కొట్టడానికొచ్చారు."

సీమోను వచ్చాడు. వాడూ దాటలేదు. హబీబు పక్కన చేరి ఉన్నచోటే అడుగు వేయటం మొదలుపెట్టాడు, తల వంచుకుని. తరవాత నాగేశ్వరరావు, ముఖం మాగిన టొమేటోలా ఉంది, ఉల్లిపాయ వాసన ముందొచ్చి మనిషి వెనకొచ్చాడు. ఈ ఇద్దర్నీ దాటి పోతే వాడికి మద్రాసు చోటు ఖాయం, ఏలూరు దాకా ముందెవరూ లేరు. ఒక్క క్షణం రోడ్డు కేసి చూశాడు కూడా. చూసి, వచ్చి సీమోను పక్కన నిలబడ్డాడు. "కేసు వాయిదా పడిందాండీ?" అన్నాడు, రొప్పుతూ. ఎవరూ నవ్వలేదు. ముగ్గురి అడుగులూ కాసేపటికి ఒకే చప్పుడైపోయాయి. శ్రీపర్రు దగ్గర విన్న చప్పుడు, కాకపోతే ఇక్కడ ముందుకు పోవటం లేదు. చెట్టు కింద బండి ఆపుకున్నవాళ్ళు, పానకానికి వచ్చినవాళ్ళు గుమిగూడి చూస్తున్నారు. ముగ్గురూ తాగరు, ముగ్గురూ కదలరు. వాళ్ళని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, కంట్లో నీరు మాత్రం రాలేదు. అదీ గమనించాను.

మాస్టారిని చూసొస్తానంటూ హబీబు వెనక్కి తిరిగినప్పుడు ఆ మెరుపులో ఇంకో గీత కనపడింది. నిట్టనిలువుగా లేదు. ఒక పక్కకి ఒరుగుతూ, సర్దుకుంటూ, మళ్ళీ ఒరుగుతూ. ఆ నడక ఎవరిదైనా కావచ్చు, తాగినవాడిది కావచ్చు, గాలికి ఊగే తాటిమొక్క కావచ్చు, ఆయనది కాకూడదు. ఆయనదే. కాని పరుగే. ఆ స్థితిలో కూడా అది నడక కాదు, పరుగే. మోచేతులు పక్కలకి ఆనించి, పిడికిళ్ళు వదులుగా, ముందుగా మడమ ఆనకుండా, ముగ్గురికీ రెండు నెలలు నేర్పిన ప్రతి మాటా ఆయన ఒళ్ళు తలుచుకుంటూ వస్తోంది. దగ్గరికొచ్చారు. ముఖం కాల్చిన ఇటుకలా ఉంది. నుదురు పొడి, మెడ పొడి. బనీను గాలికి వదులుగా ఆడుతోంది.

"ఏమిటీ నాటకం?" నాలుక తిరగటం లేదు, మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "ఎవరాపమన్నారు? నేను... నేను చూడాల్సింది చూడకుండా చేశారు. ఊఁ, కదలండి!"

ఎవరూ కదల్లేదు. ఆయన చుట్టూ చూసి, నన్ను చూసి, ఎంతో నమ్మకంగా, "అక్కా, నువ్వయినా చెప్పు వీళ్ళకి," అన్నారు.

ముగ్గురి కాళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అనే నాగేశ్వరరావు నేల చూశాడు. రహీమున్నీసా తన చేతిలో ముంత నా చేతిలో పెట్టింది. గంటసేపట్నించి పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నేను అక్కని కాదండీ," అన్నాను. "నేను కూడా పొద్దుట్నించీ తాగలేదు. ఇవాళే కాదు, ఆ శనివారం నించి మీరు పరుగెత్తిన ప్రతిరోజూ తాగలేదు. నీడన కూర్చున్నా నాకు లెక్కలు తప్పుతున్నాయి, పేర్లు తప్పుతున్నాయి. ఒక్క రోజు కూడా తేలిక కాలేదు. ఎండ అలవాటవుతుంది. ఇది అవదు. నేను చూశాను."

ఆయన నా పెదాల వైపు చూశారు. నిప్పులా ఉన్న ఆ ముఖంలో ఎక్కడో లోపల్నించి మాస్టారు బయటికి వచ్చి, ప్రశ్న అడిగారు. "ప్రతిరోజూ?"

"ప్రతిరోజూ."

"నాతో చెప్పలేదేం?"

"ముందే చెబితే పరీక్ష ఎలా అవుతుందండీ."

ఆయన మళ్ళీ ఒక పక్కకి ఒరుగుతున్నారు, సీమోను భుజం ఆనించాడు. "అయితే ముందు నువ్వు తాగు," అన్నారు.

"మీరు తాగండి."

"ఆడమనిషివి, ఇంతసేపు ఉండి... ముందు నువ్వు."

"మాస్టారు తాగితే గాని మేం తాగమండీ," అన్నాడు హబీబు.

"పెద్దవాళ్ళుండగా మేం ముందెలాగండీ," అన్నాడు నాగేశ్వరరావు. పానకానికి వచ్చిన ముసలాయన ఎవరో కూడా తన ముంత దించి, "తమరు కానివ్వండి, తమరు కానివ్వండి," అన్నాడు. ఈ సీమలో పుట్టినందుకు మాకు ఇది తప్పదు. ఇల్లు కాలిపోతున్నా గుమ్మం దగ్గర నిలబడి మీరు ముందంటే మీరు ముందు అనుకుంటాం. ఎదురుగా మనిషి పడిపోబోతున్నాడు, మూడు కుండల పానకం ఉంది, అందరమూ మర్యాదగా నిలబడి ఉన్నాం. అందులో నేనూ ఉన్నాను.

"మీ మర్యాదలు మంటగలవా!" అంది రహీమున్నీసా. "పీర్ల పానకం దగ్గర ముందేమిటి, వెనకేమిటి? పట్టుకోండి!" ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముంత కుక్కింది, ముసలాయన్ని కూడా వదల్లేదు. "అందరూ ఒక్కసారే ఎత్తండి. ఎత్తనివాళ్ళ నెత్తిన పోస్తాను. ఊఁ, బిస్మిల్లా!"

ఎత్తాం. "గటగటా వద్దండీ, గుక్కగుక్కగా," అని మాత్రం అన్నాను. నేను ఇంకా నోట పెట్టలేదు, ఆయన గొంతు మీద చూపు పెట్టాను. ఒక గుక్క. ఆగారు, కడుపు పట్టుకుంటుందేమోనని ఎదురు చూస్తున్నట్టు, ఇరవై ఏళ్ళ కిందటి బావి దగ్గర నిలబడి ఉన్నట్టు. ఇంకో గుక్క. ఇంకోటి. ముంత ఖాళీ చేసి, ఇవ్వమని చెయ్యి చాపారు. రెండోది సగంలో ఉండగా, కనుబొమ్మల పైన, వెంట్రుకలు మొదలయ్యే చోట, ఏదో మెరిసింది. ఎండేమో అనుకున్నాను. ఇందాకట్నించి ఎండ నన్ను చాలా మోసం చేసింది. దగ్గరికి జరిగి చూశాను. చెమట. ఆవగింజంత. దాని పక్కన ఇంకోటి. తరవాత నుదురంతా ఒక్కసారి చెమర్చింది, ఇసకలో కుండల్లాగే, అన్ని చోట్లా ఒకేసారి. అప్పుడు నా ముంత నోట పెట్టుకున్నాను. మిరియం ఘాటు, శొంఠి, బెల్లం అడుగున సన్నటి ఇసక. ఏదీ తియ్యగా అనిపించలేదు మొదట. చల్లగా అనిపించింది. తియ్యదనం తరవాత వచ్చింది.

ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి తల మీద తడి గోనెముక్క వేశారు. ముగ్గురూ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఇప్పుడెలా పోవాలండీ? ఎవరి జోరు వాళ్ళదేనా?" అని సీమోను అడిగాడు. పందిరి దగ్గరికొచ్చాక వాడు మాట్లాడిన మొదటి మాట అది. ఆయన ముగ్గురినీ చూశారు, మట్టి కొట్టుకున్న హబీబు పాదాలు చూశారు, దాటి పోగలిగి కూడా పోని నాగేశ్వరరావుని కాస్త ఎక్కువసేపు చూశారు. "మీ ఇష్టం," అన్నారు. వాళ్ళు రోడ్డెక్కారు. నాగేశ్వరరావు ముందు, సీమోను మధ్య, హబీబు చివర. నాలుగడుగులు వేసేసరికి ఒకటే చప్పుడు. "ఇంక ఏలూరు దాకా వాయిదాలుండవండీ," అంటున్నాడు నాగేశ్వరరావు, ఆ గొంతు దూరమవుతోంది. ఆయన లేచి నిలబడి, గోనెముక్క కింద పడేసి, ఎంత గొంతుందో అంత గొంతుతో, "దారిలో నీళ్ళు కనపడితే తాగండర్రా!" అని అరిచారు. హబీబు వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఎత్తాడు.

"ఇప్పుడు ఇద్దర్ని ఎలా తేలుస్తారు?" అన్నాను.

"ముగ్గురూ వెళ్తారు. నా చోటుంది కదా." నా వైపు చూడకుండా, రోడ్డు వైపే చూస్తూ అన్నారు, సంతలో కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా. ఇరవై ఏళ్ళ కోరిక ఎంత బరువుంటుందో నాకు తెలుసు, దాన్ని అంత చప్పుడు లేకుండా కింద పెట్టగలగటం ఎంత కష్టమో కూడా. కాసేపటికి, "దానమ్మా," అన్నారు. నా పేరే. సరిగ్గా నా పేరే. "ఆ పుస్తకం రాసినాయన మంచి పరుగుగాడే. నాకు తెలుసు."

"అయ్యుంటాడండీ. ఆయన దారిలో చెట్లకి ఆకులు లేవు, అంతే."

నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది, రహీమున్నీసా ఇంకో ముంత తెచ్చింది. మధ్యాహ్నం పాసింజరు దాకా ఇక్కడే నీడన కూర్చోవాలి, తరవాత ఇంటికి. నూతి దగ్గర నాలుగు బనీన్లు ఉంటాయి ఇవాళ. నా పక్కన కూర్చున్న మనిషి వీపు మీద, భుజాల మధ్య, బనీను గుప్పెడంత మేర నల్లబడింది. చూస్తూ ఉండగానే అది పెద్దదవుతోంది.